భీమ్లా మొఖం మీద రాగి మెరుపు

సార్ పై ఆఫీసర్లతోటి వీడియో మీటింగుల ఉన్నడు, గంట పడతది, కూసోండ్రి అని చెప్పి అటెండరు తలుపు దగ్గరికేసి పోయిండు. గంటనట. నవత పట్టాలు రాసే ఆఫీసు వరండాల బెంచి మీద కూసొని బ్యాగు ఒళ్ళో పెట్టుకొని, దాని మీద రెండు చేతులు వేసుకున్నది, ఎవడన్న గుంజుకపోతడన్నట్టు. బెంచి మీద ఇంకో ఇద్దరికి జాగ ఉన్నా మంగ్లి కూసోలే, గోడకానుకొని కిందనే చతికిలపడ్డది. పైన కూసోరాదే అవ్వా అంటే కిందనే సల్లగుంది బిడ్డా అన్నది. ఈ ముసలామె దున్నుకునే రెండెకరాల పోడుకు పట్టా వస్తదా రాదా అన్నది ఆ తలుపు వెనుక ఫైలుల ఉన్న ఒక్క ఫోటో మీద ఆగింది. ఆ ఫోటో ప్రింటు తీసింది నవత. అది దొంగ ఫోటో అని సార్‌కు అనుమానమొచ్చింది, ఆ స్టూడియో ఆమెను తోలుకరా అన్నడు, మంగ్లి తోలుకొచ్చింది. తోలుకొచ్చిన మనిషికేమో రందే లేదు. నవత వచ్చింది, నవతే చెప్తది, ఇగ అయిపోయింది అన్నట్టు కాళ్ళు జాపుకొని మోకాళ్ళు పిసుక్కుంటున్నది. కారేపల్లి నుంచి బస్సుల వచ్చేటప్పుడు గూడ అంతే, కిటికీ కాడ కూసొని బాట పొడుగూత పత్తి చేన్లు చూసుకుంట, ఈసారి వానలు మంచిగ పడ్డయ్ అని మురిసిపోయింది. మురువు అవ్వా, మురువు. నీ పక్కన కూసున్నది ఎవరో నీకు తెలిస్తే గదా.

బ్యాగుల చెయ్యి పెడితే ముందుగాల తువ్వాల తగిలింది, తువ్వాలల సుట్టిన గాజు పలక. చెయ్యి ఎనుకకు గుంజుకొని, పక్కకెల్లి ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. ఫైలుల ఉన్న ఫోటోకు ఇది జోడు, ఒకటే రోజు ఒకటే కాయితం మీద తీసిన రెండో కాపీ. తిన్నగ పట్టుకొని చూస్తే ఏ రోగం లేదు. ఎనుక ఇప్పచెట్లు, ముందర కొత్తగ దున్నిన నేల, నాగలి పట్టిన మంగ్లి మొగడు భీమ్లా, రెండు కర్రి ఎడ్లు, ఒక పక్కన విత్తనాల బుట్ట పట్టుకొని వయసుల ఉన్న మంగ్లి. వరండాల ఎండకు కొంచెం వంచితే సాలు, నల్లగ ఉన్నకాడల్ల, ఎడ్ల వీపులు, భీమ్లా మొఖం, మంగ్లి లంగా మడతలు, అన్నీ ఒక్కసారే రాగిరంగుల లేస్తయ్, వాన నీళ్ళ మీద డీజిలు పడ్డట్టు, అంచుల పొంటి పాచి రంగు గూడ. ఆకాశం అట్ల మెరువదు, చెట్ల సందుల తెలుపు మెరువదు. దాంతోటి మనుషులను, ఎడ్లను వేరే ఎక్కడ్నో కత్తిరిచ్చి తెచ్చి ఇక్కడ అతికిచ్చినట్టు కనపడతది. నవత ఒకసారి వంచింది, మళ్ళ తిన్నగ చేసింది, మళ్ళ వంచింది. ఇంట్ల చేసిన పనే ఇది, నెల రోజుల నుంచి చేస్తున్న పనే. ఎన్నిసార్లు వంచితే మాత్రం పోతదా. కిటికీ కాడ కూసునే ఈ సార్‌కే మంగ్లి ఫోటో ఇచ్చిందట, ఆయన అద్దాలు పైకి జరుపుకొని గిట్లనే వంచిండట, నవ్విండట. నవ్విండు బిడ్డా, మంచిగనే ఉన్నట్టుంది అని చెప్పింది మంగ్లి, ఆ నవ్వు ఏందో తెలువక.

పోనీ రంగైనా సక్కగ వచ్చిందా అంటే అదీ లేదు. స్టూడియోల ట్యూబ్‌లైటు కింద ముందర పెట్టుకొని, ఒకసారి ఎరుపు తగ్గిచ్చి, ఇంకోసారి పసుపు పెంచి, నాలుగు కాయితాలు ఖరాబు చేసి, ఆఖరికి మట్టి మట్టి లెక్క వచ్చిందాక తీసింది. అదే కాయితం బయటికి తెస్తే మట్టి మట్టి గాదు, బీట్‌రూట్ గడ్డ తరిగి పరిచినట్టుంది. లైటు కింద ఒక రంగు, ఎండల ఒక రంగు. ఇదేం కొత్త సంగతి గాదు ఆమెకు, పెండ్లి ఆల్బములల్ల ఎన్నిసార్లు చూడలే, అక్కా చీర రంగు మారింది అంటే ఏదో ఒకటి చెప్పి పంపలే. గిరాకీ ఎండల చూసుకోదు, ఇంట్ల చూసుకుంటది, ఇంట్ల ట్యూబ్‌లైటే ఉంటది, నడుస్తది. ఇన్నేండ్లు నడిచింది. ఆఫీసరు కిటికీ కాడ కూసుంటడని, ఫోటోను ఎండల చూసే మొగోడు ఒకడు పుడతడని ఆమెకేమెరుక. లేదు లేదు, అబద్ధం. తెలుసు. రంగు ఎప్పుడు చూసినా తలుపు కాడికి వచ్చి పగటి ఎలుతురుల చూడాలె బిడ్డా అని నాయిన చెప్పిండు. వినలే. వినకుండ ఇప్పుడు మొగోడు పుట్టిండు అంటున్నది.

ఆ ఫోటో తీసింది గూడ నాయినే. గోపయ్య. బాయిల బొగ్గు పని, ఆదివారం సెలవు, సెలవునాడు మెడల రీలు కెమెరా ఏసుకొని సైకిల్ మీద తండాలు తిరిగేటోడు. తీజ్ పండుగకు తీసేది, పెండ్లిండ్లకు తీసేది, ఎవళ్ళు పిలిస్తే వాళ్ళకు తీసేది. వారమంత చీకట్ల పనిచేస్త గదనే, ఆదివారమన్న ఎలుతురు సూడనియ్యి అని అమ్మ తిట్టినప్పుడల్ల అనేటోడు. భీమ్లా ఆరోజు కెమెరా చూసి పండుగ బట్టలు కట్టుకొస్త ఆగు అన్నడట, నాయిన వద్దని నాగలి తోటే నిలబెట్టిండట. ఆ కెమెరాకు తారీకు ఏసే మీట ఉండె, ఫోటో మూలకు నారింజ రంగుల అంకెలు పడేటియ్. సున్నా నాలుగు, ఆరు, ఇరవై ఏడు, అంటె రెండువేల నాలుగు జూన్. గప్పుడు ఎవడు చూసిండు ఆ అంకెలను, ఫోటో పాడుచేస్తయని తిట్టుకునేటోళ్ళు. ఇప్పుడు ఆ అంకెలే కావాలె. రెండువేల ఐదు కంటె ముందు నుంచే దున్నుతున్నట్టు రుజువుండాలె. చుట్టుపక్కల అందరికి పట్టాలు వచ్చినయ్, మంగ్లికే రాలే. ఎందుకంటె ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మల ఆమె చేను పచ్చగ కనపడ్డది, అడివి అని రాసిండ్రు. పచ్చగ కనపడక ఏం చేస్తది, ఇప్పచెట్లు కొట్టొద్దని భీమ్లా పదిహేను చెట్లు చేను నడుమనే ఉంచిండు. ఇప్పచెట్టు కొట్టినోని ఇల్లు నిలువదని వాళ్ళ నమ్మకం. మంచిగ కొట్టి పారేసినోళ్ళకు పట్టాలొచ్చినయ్, చెట్టును నిలబెట్టినామెకు అడివని రాసిండ్రు. సాక్ష్యం చెప్పే పెద్దమనిషి సోమ్లా పోయిన ఎండకాలం సచ్చిపోయిండు. ఇగ మిగిలింది గోడకు తగిలిచ్చిన ఫోటో ఒక్కటే.

మంగ్లి ఆ ఫోటోను ఫ్రేముతో సహా పాత చీరల సుట్టి తెచ్చింది, బస్సుల ఒళ్ళోనే పెట్టుకొని. ఇరవై ఏండ్లు గోడకున్నది, పై కప్పు కారి కారి తడికి ఫోటో గాజుకు అంటుకపోయింది. స్టూడియో నడిపేటోళ్ళకు ఎవళ్ళకైనా తెలుసు, అంటుకున్నదాన్ని ముట్టొద్దు. గాజు మీదికెల్లే స్కాన్ తీసుకోవాలె. తీసింది, ముందుగాల గట్లనే తీసింది, నసీబు బాగుండి ఆ పని చేసింది, లేకుంటె ఇయ్యాల ఈ దొంగ ఫోటో గూడ ఉండకపోయేది. గని గాజు మీదికెల్లి తీస్తే అక్కడక్కడ ఇంద్రధనస్సు లెక్క సుడులు పడ్డయ్, భీమ్లా మొఖం కొంచెం మసకగ వచ్చింది. ఎవరడిగిండ్రు నిన్ను? సుడులు తుడిచి ఇస్తే సరిపోయేదానికి, లేదు, ఇంకా మంచిగ తీస్త అనుకున్నది. గోపయ్య బిడ్డ గదా. నీళ్ళల్ల నానబెడితే ఊడొస్తదని వీడియోల చూసింది, టబ్బుల నీళ్ళు పోసి గంట నానబెట్టింది, ఒక మూల మెల్లగ లేస్తుంటె సంబరపడ్డది. నారింజ అంకెలున్న మూల మంచిగ ఊడింది, మట్టి ఊడింది, ఎడ్లు సగం దాక ఊడినయ్. తర్వాత ఏదో పట్టినట్టయింది, గుంజలే, ఒట్టు, గుంజలే, అదే జారింది. చూస్తే కాయితం మీద భీమ్లా మెడ దాక ఉన్నడు, మంగ్లి మెడ దాక ఉన్నది. రెండు మొఖాలు గాజు మీద ఉండిపోయినయ్. నవత తడి చేతుల తోటే కుర్చీల కూసొని, ఏం పుట్టింది నాకు, ఏం పుట్టింది నాకు అని ఎన్నిసార్లు అనుకున్నదో లెక్కలేదు.

మరునాడు మంగ్లి వస్తే చెప్పాలె. చెప్దామనే అనుకున్నది, పొద్దుగాల నుంచి మాట కూడబెట్టుకున్నది. మంగ్లి గుమ్మంల అడుగు పెట్టంగనే, మీ నాయిన తీసిన ఫోటో గదా, మీ చేతులల్లకే వచ్చింది, ఇగ నాకు భయం లేదు బిడ్డా అన్నది. ఆ మాటకు నవత, తడి పట్టి లోపల కుళ్ళిపోయింది అవ్వా, ముట్టంగనే పొడిపొడి అయింది, పారేసిన, గని స్కాన్ ఉన్నది, కొత్తది ఇంకా పెద్దగ తీసిస్త అన్నది. మంగ్లి, కుళ్ళిందా, అని, అయితే అయిందిలే, మనిషే కుళ్ళిపోయిండు అన్నది. అక్కడితోటి ఊరుకున్నా పోయేది. ఫైలుకు కాయితం కావాలంటె స్టూడియో లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది, అసలు ఫోటో తేమకు పూర్తిగ చెడిపోయి పారవేయబడినది, ఈ ప్రింటు దానికి నకలు అని, కింద సంతకం, ముద్ర. నాలుక మీది అబద్ధం వేరు, ముద్ర కొట్టిన అబద్ధం వేరు.

ఇగ ఆ ఇంకు సంగతి. రోజువారి వాడే ఇంకు కాయితంల ఇంకుతది, మెరుపు సమానంగ ఉంటది, గని రెండు మూడేండ్లకు వెలుస్తది. నవతకు ఆ రోజు పాపపు భయం పట్టింది. పాతది పాడుచేసిన, కొత్తదన్న నిలువాలె, ఈ ముసలామె గోడ మీద ఇంకో ఇరవై ఏండ్లు నిలువాలె అనుకున్నది. ప్రింటరుల నల్ల ఇంకు ట్యాంకు కడిగి, ఖమ్మం నుంచి తెప్పిచ్చి పెట్టిన పిగ్మెంట్ ఇంకు పోసింది, అది రంగు పొడి, కాయితంల ఇంకదు, పైనే కూసుంటది, నూరేండ్లయినా వెలువదని డబ్బా మీద రాసి ఉంటది. మెరిసే కాయితం మీద అది పొయ్యొద్దని గూడ ఆమెకు తెలుసు. పైన కూసున్నది రాగి లెక్క మెరుస్తది, నల్లది ఎక్కడుంటె అక్కడ. తెలిసీ పోసింది. తిన్నగ చూస్తే కనపడదు గదా, ఎవడు వంచుతడు అనుకున్నది. మామూలు ఇంకుతోటి కానిచ్చి ఉంటె ఇయ్యాల ఈ బెంచి లేదు, ఈ గంట లేదు. మంచిగ చెయ్యాలని చేసిన పనే ముంచింది. పోనీ ఇప్పుడు మామూలు ఇంకుతోటి కొత్తది తీసి తెస్తే? తెస్తే ఏమంటడు, చూసినవా, అనుమానం రాంగనే సరిచేసుకొచ్చిండ్రు అంటడు. అనడా మరి.

ఆకలైతుందా బిడ్డా, అని మంగ్లి మూట విప్పింది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు. నవత వద్దన్నది. కొంచెమన్న తిను, పొద్దున్నుంచి నీ మొఖం పీక్కపోయి ఉన్నది అన్నది. ఒక ముక్క తుంచి చేతుల పెట్టింది, నవత ఆ చెయ్యి చూసింది. తునికాకు తెంపి తెంపి, మిరప తోటలల్ల కూలికి పోయి పోయి వేళ్ళు బెరడు లెక్క అయినయ్. ముక్క నోట్లె పెట్టుకున్నది. మంగ్లి తనలో తాను మాట్లాడుకున్నట్టు, పట్టా వస్తే చేనుకాడ గుడిసె వేసుకుంట, తండాల నాకేమున్నది, కోడలు కసురుకుంటది, చేనుకాడ ఉంటె ఆయన ఉన్నట్టే ఉంటది అన్నది. భీమ్లాను ఆ చేన్లనే పెట్టిండ్రు, ఇప్పచెట్టు కింద. ఆ మాట ఫైలుల ఎక్కడా లేదు. అడివి అని రాసిన జాగల సమాధి ఉంటె అది సమాధి గాదు గావచ్చు. ఫారెస్టోళ్ళు పోయిన నెలల వచ్చి కందకం తవ్వుతమని గుర్తులు పెట్టి పోయిండ్రట, తెల్లసున్నం తోటి గీత గీసి. ఈ వారం సార్ అవ్ అని రాస్తే గీత ఆగుతది, లేదు అని రాస్తే తవ్వుతరు. గంతే సంగతి. నవత రొట్టె ముక్కను దవడల పెట్టుకొని తలుపు దిక్కు చూసింది.

తలుపు వెనుక ఉన్న ఆ సార్ చెడ్డోడన్నా బాగుండు. కసిరేటోడో, చెయ్యి చాపేటోడో అయితే తిట్టుకుందుము. వెంకటేశ్వరరావు సార్ మధిర దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడతడు, అందరినీ అమ్మా అనే అంటడు. ఆయనకు నవత మీద అనుమానం ఎందుకొచ్చింది అంటే నవత పనిమంతురాలు కాబట్టే వచ్చింది. స్టూడియో బోర్డు మీద పెద్దక్షరాలతోటి రాయించింది గదా ఆమెనే, చనిపోయినవారిని ఫ్యామిలీ ఫోటోలో కలుపబడును అని. ఎంతమందిని కలిపింది! నాయిన లేని పెండ్లిపిల్ల పక్కన నాయినను నిలబెట్టింది, కొడుకు పోయిన తల్లి ఒళ్ళో కొడుకును కూసోబెట్టింది. రెండేండ్ల కింద ఈ సార్ గృహప్రవేశం ఫోటో తెచ్చిండు, వాళ్ళమ్మ అప్పటికే లేదు, పాత గుర్తింపు కార్డుల ఉన్న ఒక్క బొమ్మ ఇచ్చిండు. నవత ఆమెను పీట మీద కూసోబెట్టి, పాలు పొంగుతున్న గిన్నె కింది మంట వెలుగు ఆమె చెంప మీద పడ్డట్టు గూడ చేసింది. అది చూసి సార్ కండ్లు తుడుసుకున్నడు. అప్పటి నుంచే ఆఫీసు ఫోటోల పనంత నవతకే. నవత మొగడు సాయికృష్ణకు బొగ్గు టిప్పర్ల మీద కాంట్రాక్టు పని పోయినంక ఇల్లు నడుస్తున్నది ఈ పని తోటే. మంగ్లి ఫోటోను కిటికీ కాడ వంచి చూసినప్పుడు సార్ అడిగిండట, ఎవరమ్మా తీసింది అని. నవత అని చెప్పిందట మంగ్లి, గొప్పగ. ఓ నవతేనా, అన్నడట. వేరే ఎవడో చేతగానోడు తీసి ఉంటె నమ్మి ఉండునేమో.

చెప్పాలె. తలుపు తెరువంగనే పోయి తువ్వాల విప్పి గాజు బల్ల మీద పెట్టాలె, పక్కన మొఖాలు లేని కాయితం పెట్టాలె. రెండు కలిపితే ఒక్కటయితది, గుడ్డోనికి గూడ తెలుస్తది. కాయితం ఎనుక పాత ల్యాబు పేరు బూడిద రంగుల వాలుగ పడి ఉన్నది, నారింజ అంకెలు చెక్కుచెదరలే, అసుంటిది ఇయ్యాల ఎవడూ తయారుచెయ్యలేడు. ఎన్ని ఇంకులు మెరిస్తేంది, ఎంత రంగు మారితేంది, ఇగో సార్, అసలుది ఇది, నేనే పాడుచేసిన, అంటే అయిపోయె. ఆ ఒక్క మాటకు రెండెకరాలు నిలుస్తయ్. అందుకే గదా పొద్దుగాల బీరువాల నుంచి తీసి బ్యాగుల పెట్టుకున్నది. మరి ముద్ర కొట్టిన లెటరో? పారేసినమని రాసినవ్, నీ దగ్గరనే ఉన్నదేంది అంటడు. తప్పుడు కాయితం ఇచ్చింది అని రాస్తే ఆఫీసు పని పోతది, అది పోతే పాయె, కేసైతదేమో, ఊర్ల మొఖమెట్ల చూపియ్యాలె, గోపయ్య బిడ్డ దొంగ కాయితాలు రాస్తదంట అంటరు. కాదు, వాటన్నిటి కంటె, ఇగో ఈ కింద కూసున్న మనిషి వింటది. గాజు మీద మొగని మొఖం చూస్తది. నెల రోజులు దాచినవా బిడ్డా అని అడుగుతది. అడగదు, అడగకుండ చూస్తది. ఆ చూపుకే నవతకు ఎక్కువ భయం. తూ, ఏం బతుకే నీది అని తనను తాను తిట్టుకున్నది, సరే చెప్త, తలుపు తెరువంగనే చెప్త, ముందుగాల అవ్వకు చెప్పి తర్వాత సార్‌కు చెప్త, ఇప్పుడే చెప్త. అవ్వా, అన్నది. మంగ్లి తల ఎత్తింది. ఏమీ లేదు, నీళ్ళు తాగుతవా అన్నది నవత. తాగిన బిడ్డా అన్నది మంగ్లి.

తలుపు తెరుచుకున్నది. లోపల పంకా తిరుగుతున్నది, కిటికీల నుంచి ఎండ సగం బల్ల మీద పడ్డది, ఆ ఎండలనే ఫైలు తెరిచి ఉన్నది. కూర్చోమ్మా అన్నడు సార్. నవత కూసున్నది, మంగ్లి తలుపు పక్కన నిలబడ్డది. సార్ ఫోటోను వంచలే, అసలు ముట్టనే లేదు, దాని పక్కన నవత ఇచ్చిన లెటరు మీద వేలు పెట్టిండు.

"మా అమ్మ ఫోటో ఇప్పటికీ హాల్లోనే ఉందమ్మా. ఇంటికి వచ్చిన వాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కనిపెట్టలేదు. నువ్వు తల్చుకుంటే ఏదైనా చేయగలవని నాకు తెలుసు. రేపు నన్ను పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

నవత ఏమీ కలపలే సార్ అన్నది. ఇంకు మాట చెప్పింది, నల్ల ఇంకు కాయితం పైన కూసుంటదని, అందుకే మెరుస్తదని, ఎండకు రంగు మారుతదని. చెప్తుంటె ఆమె మాటలు ఆమెకే దొంగ మాటల లెక్క వినపడ్డయ్. సార్ మెల్లగ తలూపిండు, నమ్మినట్టు గాదు, నమ్మనట్టు గాదు.

"పాత ఫోటో ఒక్క ముక్క ఉన్నా చాలు, ఇప్పుడే అనుకూలంగా రాసేస్తాను. ఉందా?"

నవత చెయ్యి బ్యాగులకు పోయింది. తువ్వాల తగిలింది, తువ్వాల లోపల గాజు అంచు తగిలింది. ఆయన వేలు ఇంకా లెటరు మీదనే ఉన్నది, సరిగ్గా ముద్ర పక్కన, పారవేయబడినది అన్న మాట కింద. ఎనుక మంగ్లి ఊపిరి వినపడుతున్నది. అను, అను, ఉన్నది సార్ అను, రెండు మాటలు, రెండే మాటలు, అవ్వ కొరకు గాకపోతే నాయిన కొరకన్న అను అని లోపలెవరో కొట్టుకుంటున్నరు. ఆమె బ్యాగులకెల్లి చేతిరుమాలు తీసింది. మొఖం తుడుసుకున్నది.

"లేదు సార్. ముక్క గూడ లేదు," అన్నది.

సార్ నిట్టూర్చి, సరే, అట్లయితే నీకు ఇబ్బంది లేకుండా చేద్దాం అన్నడు. తెల్లకాయితం ముందరికి జరిపి ఏం రాయాలో ఆయనే మెల్లగ చెప్పిండు: వారు తెచ్చిన ఫోటోకు కాపీ తీసి ఇచ్చితిని, అది అసలైనదో కాదో నాకు తెలియదు. ఆ మాట ఫైలుల పడితే ఫోటో ఇగ లెక్కకు రాదని తెలిసే నవత రాసింది. నాకు తెలియదు అన్నకాడ పెన్ను ఆగింది, విదిలిచ్చి మళ్ళ రాసింది. సంతకం పెట్టింది. క్లెయిము చేసినామె వేలిముద్ర గూడ కావాలె అని అటెండరు ఇంకు ప్యాడ్ తెచ్చిండు, చదివి వినిపించినాము, ఒప్పుకున్నాము అన్న దాని కింద. మంగ్లి ముందరికి వచ్చింది. కాయితం దిక్కు చూసి, నవత దిక్కు చూసింది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"నువ్వు తెచ్చిన ఫోటోకే నేను కాపీ తీసిన అని రాసిన."

"నిజమే గదా," అన్నది మంగ్లి.

"నిజమే అవ్వా."

మంగ్లి మొఖం విచ్చుకున్నది. సార్‌కు రెండు చేతులెత్తి దండం పెట్టింది, నవత తల నిమిరింది, నీ కడుపు సల్లగుండ అన్నది. బొటనవేలు ప్యాడ్ మీద అద్ది కాయితం మీద ఒత్తింది. అటెండరు వంగి చూసి, గీతలు పడలేదమ్మా, అంతా మసి లెక్క ఉన్నది, ఇంకోసారి అన్నడు. ఒత్తింది. మళ్ళ అట్లనే పడ్డది. పని చేసి చేసి అరిగిపోయినయ్ సార్, నా వేళ్ళకు గీతలేడియి అని మంగ్లి సిగ్గుపడ్డట్టు నవ్వింది. అమ్మా, నువ్వు కొంచెం పట్టుకో అని అటెండరు నవతను అడిగిండు. నవత లేచింది. చేతిరుమాలుతోటి ఆ బొటనవేలు శుభ్రంగ తుడిచింది, ప్యాడ్ మీద పలుచగ అద్దింది, ఎక్కువ ఇంకు అంటితే ముద్ర రాదని ఆమెకు తెలుసు. వేలును తన వేళ్ళ నడుమ పట్టుకొని కాయితం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మెల్లగ దొర్లిచ్చింది. ఈసారి మంచిగ పడ్డది.